నష్టాల కంపెనీలో ఎండీ జీతం: ఎంత ఇవ్వొచ్చు, ఎవరు ఒప్పుకోవాలి, ఎక్కడ చూడాలి?

గంటస్తంభం (విజయనగరం)
వాదనకి కాదు, లెక్క కోసం అడుగుతున్నాను. ఒక లిస్టెడ్ కంపెనీ వరుసగా రెండేళ్లు నష్టం చూపించింది అనుకోండి. ఫ్యాక్టరీలో ఒక షిఫ్ట్ ఎత్తేశారు, ఓటీ (అదనపు గంటల పని) బంద్. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసులో మాత్రం మేనేజింగ్ డైరెక్టర్ జీతం ఏడాదికి 84 లక్షల నుంచి 1 కోటి 60 లక్షలకి పెంచుతూ ప్రత్యేక తీర్మానం పెట్టారు. పేర్లు వద్దు, ఇలాంటి నోటీసులు ఏటా బోలెడు వస్తాయి.

నష్టంలో ఉండగా ఇంత ఇవ్వడానికి చట్టం ఒప్పుతుందా? ఒప్పితే, ఆ మనిషి ఆ జీతానికి తగినవాడో కాదో బయట కూర్చున్న వాటాదారుడు ఎలా తేల్చుకోవాలి? ఆపాలనుకుంటే ఎన్ని ఓట్లు కావాలి?

తోటపాలెం లెక్కలు (విజయనగరం)
ఒప్పుతుంది. కాకపోతే కొన్ని గుమ్మాలు దాటాలి.

2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీ తన డైరెక్టర్లందరికీ కలిపి ఆ ఏటి నికర లాభంలో 11 శాతం వరకే ఇవ్వొచ్చు. ఎండీ ఒక్కడే ఉంటే అతనికి 5 శాతం. ఎండీతో పాటు హోల్‌టైమ్ (పూర్తికాలం పనిచేసే) డైరెక్టర్లు కూడా ఉంటే వాళ్లందరికీ కలిపి 10 శాతం. ఈ 5, 10 దాటాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి.

లాభం లేకపోయినా, ఉన్నది చాలకపోయినా 5వ షెడ్యూల్‌లోకి వెళ్తాం. అక్కడ కొలత లాభం కాదు, ‘ఎఫెక్టివ్ క్యాపిటల్’ (మూలధనం, దీర్ఘకాలపు అప్పు కలిపి, నష్టాలు, పెట్టుబడులు తీసేసిన మొత్తం). అది 5 కోట్ల లోపుంటే (మైనస్‌లో ఉన్నా సరే) మనిషికి ఏడాదికి 60 లక్షలు. 5 నుంచి 100 కోట్ల లోపుంటే 84 లక్షలు, 100 నుంచి 250 కోట్ల లోపుంటే 120 లక్షలు. 250 కోట్లు, ఆపైన అయితే 120 లక్షలకి తోడు, 250 దాటిన మొత్తం మీద 0.01 శాతం. 2018 సెప్టెంబర్ 12కి ముందు ఈ హద్దులు మించాలంటే కేంద్ర ప్రభుత్వం దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రత్యేక తీర్మానం చాలు. మీ నోటీసులో పాత జీతం 84 అని ఉందంటే కంపెనీ రెండో శ్లాబులో హద్దు దాకా ఇస్తోందన్నమాట.

ఈ ఎఫెక్టివ్ క్యాపిటల్ కట్టే తీరు చూడండి. ఊహకి ఒక లెక్క:

వాటా మూలధనం 20 కోట్లు
షేర్ ప్రీమియం (షేరు ముఖవిలువకి మించి వసూలైంది) 6 కోట్లు
ఏడాది దాటాక తీర్చాల్సిన అప్పు 40 కోట్లు
పేరుకుపోయిన నష్టం 30 కోట్లు (తీసెయ్యాలి)
ఇతర పెట్టుబడులు 2 కోట్లు (తీసెయ్యాలి)

మిగిలింది 34 కోట్లు, కాబట్టి హద్దు 84 లక్షలు. ఇందులోంచి ఆ 40 కోట్ల అప్పు తీసి చూడండి. మైనస్ 6 కోట్లకి పడిపోయి హద్దు 60 లక్షలవుతుంది. అంటే దీర్ఘకాలపు అప్పు తెచ్చిన కొద్దీ ఎండీ జీతం హద్దు పెరుగుతుంది! వర్కింగ్ క్యాపిటల్ లోను, ఓవర్‌డ్రాఫ్ట్ మాత్రం కలపకూడదు. వాటిని దీర్ఘకాలపు అప్పులో కలిపేసి చూపించారా అన్నది ఆర్థిక నివేదిక నోట్స్‌లో ముందు చూడాల్సిన సంగతి.

బ్యాంకుకో డిబెంచర్ల (అప్పు పత్రాల) వాళ్లకో బాకీ గడువులో కట్టకుండా తప్పిన కంపెనీ అయితే ఏజీఎం కంటే ముందే వాళ్ల అనుమతి తీసుకోవాలి. నోటీసులో ఆ ముక్క కనపడకపోతే అడగండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
ఓట్ల లెక్క నేను చెప్తాను. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూలం ఓట్లు వ్యతిరేకం ఓట్లకి కనీసం మూడింతలు ఉండాలి. లెక్కలోకి వచ్చేది పోలైన ఓట్లే. ఇంట్లో కూర్చున్నవాళ్ల షేర్లు ఏ పక్కకీ చేరవు.

సులువైన కొలత ఒకటుంది. ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపించే కుటుంబం లేదా గ్రూపు) వాటాని మూడుతో భాగించండి. ప్రమోటర్లకి 60 శాతం ఉంటే, మిగతావాళ్లలో ఒక్కరూ అనుకూలంగా వెయ్యకపోయినా, 20 శాతానికి మించి వ్యతిరేకం పడితేనే ఓడుతుంది. సరిగ్గా 20 పడితే 60కి 20, మూడింతలే, నెగ్గిపోతుంది. ప్రమోటర్లది 45 అయితే 15 దాటితే చాలు. పైగా జీతం తీర్మానంలో ప్రమోటర్లు తమ ఓటు తాము వేసుకోకూడదన్న నిషేధం లేదు. లిస్టెడ్ కంపెనీలో వాళ్లకి 75 దాకా ఉండొచ్చు. అప్పుడు ఓటింగ్ ఉట్టి తంతు.

అందుకే మన దేశంలో ఇలాంటివి ఓడిన చోట్ల ప్రమోటర్ల వాటా సగం కంటే తక్కువ ఉండటం చూస్తాం. 2014లో టాటా మోటార్స్‌లో డైరెక్టర్ల పారితోషికం తీర్మానాలు పడిపోయాయి. జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌తో కలిపితే గ్రూపుకి లాభమే, కానీ ఈ లెక్కకి చూసేది విడిగా కంపెనీ లాభం, అది చాల్లేదు. 2018లో అపోలో టైర్స్, 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్. మూడు చోట్లా ఓడించింది మ్యూచువల్ ఫండ్లు, విదేశీ ఫండ్ల లాంటి సంస్థాగత వాటాదారులు. మూడు చోట్లా తర్వాత మళ్లీ తీర్మానం తెచ్చి నెగ్గించుకున్నారు కూడా. అయితే అపోలో, ఐషర్ రెండూ జీతం షరతులు తగ్గించుకుని వచ్చాయి. ఓడించడం వల్ల ఒరిగేది అదే, బేరానికి దిగొస్తారు.

ఇంకోటి. ప్రమోటరే ఎండీ అయిన లిస్టెడ్ కంపెనీకి సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నిబంధన వేరే ఉంది. ఏడాదికి 5 కోట్లు, నికర లాభంలో 2.5 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది దాటినప్పుడు ప్రత్యేక తీర్మానం పెట్టాలి. అలాంటి ప్రమోటర్ డైరెక్టర్లు ఒకరికి మించి ఉంటే అందరిదీ కలిపి 5 శాతం దాటినప్పుడు.

పైడిభీమవరం షిఫ్ట్-బి (రణస్థలం)
సెక్షన్లు బాగున్నాయి మాస్టారూ. మాకు అర్థమయ్యేలాగ ఒక ముక్క నేను సెప్తాను.

పని లేదంటే కార్మికుడికి లేఆఫ్. బేసిక్, డీఏల్లో సగం ఇస్తారు, రెండో సగం పోనాది. పనికి రానిది ఆడు కాదు, పని ఇవ్వనిది కంపెనీ. అయినా సగమే. మరి ఎండీకి ఏటి? లాభం లేదంటే ‘కనీస పారితోషికం’ అని పేరు పెట్టి పూర్తిగా ఇచ్చీసి, మీద పెంచడానికి తీర్మానం. నష్టమంటే ఒకడికి సగం, ఇంకొకడికి రెట్టింపు. ఇదెక్కడి తక్కెడ?

పెంపు 76 లక్షలు. ఫ్యాక్టరీలో 400 మంది ఉన్నారనుకుంటే తలకి ఏడాదికి 19,000. నెలకి దగ్గర దగ్గర 1,580. ఓటీ పోయినోడికి అది బియ్యం ఖర్చు.

మెరకముడిదాం (విజయనగరం జిల్లా)
షిఫ్ట్-బి తమ్ముడి లెక్క తప్పు కాదు, సగం లెక్క. తోటపాలెం గారి ఉదాహరణలో అప్పు 40 కోట్లు. 11 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 4 కోట్ల 40 లక్షలు. పెంపు 76 లక్షలు అందులో ఆరో వంతుకి కాస్త పైన, అంతే. బ్యాంకుతో కూర్చుని వడ్డీ 2 శాతం తగ్గించుకొచ్చే ఎండీ ఉంటే 80 లక్షలు అక్కడే మిగిలిపోతాయి. అలాంటివాడు 84 లక్షలకి రాడు, మునిగిపోతున్న కంపెనీకి అసలే రాడు.

ఎందుకు రాడంటే, కుర్చీతో పాటు కేసులు కూడా వస్తాయి. కంపెనీ చెక్కు బౌన్స్ అయితే చెక్కుల చట్టం 138వ సెక్షన్ కేసులో 141వ సెక్షన్ కింద ఎండీ ముద్దాయి. ఫ్యాక్టరీల భద్రత చట్టంలో ‘ఆక్యుపయర్’ (ఫ్యాక్టరీ మీద అంతిమ అజమాయిషీ ఉన్న మనిషి) అంటే కంపెనీకి ఒక డైరెక్టరే, రియాక్టర్ పేలి మనిషి పోతే జవాబు చెప్పాల్సింది ఆయన. జీతాల్లోంచి కోసిన పీఎఫ్ వాటా కట్టకపోతే నమ్మకద్రోహం నేరం. నడిచే కంపెనీలో ఇవి కాగితం మీద ఉంటాయి, మునిగే కంపెనీలో ఇంటికొస్తాయి. ఆ ముప్పుకి ధర ఉంటుంది.

కార్మికుడికి నష్టంలో ఏమీ రాదన్నదీ నిజం కాదు. కంపెనీకి ఎంత నష్టమొచ్చినా 8.33 శాతం కనీస బోనస్ ఇచ్చి తీరాలి.

పైడిభీమవరం షిఫ్ట్-బి
ఆ 8.33 దేని మీద కడతారో కూడా సెప్పండి. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా బోనస్ చట్టంలో నెలకి 7,000, లేదా ప్రభుత్వ కనీస వేతనం, రెండిట్లో ఎక్కువ ఏదో దాని మీద కట్టేవోరు. 7,000 లెక్కన ఏడాదికంతా ఏడు వేలు. 21,000 జీతం దాటినోడికి అదీ ఉండేది కాదు. కోటీ అరవై పక్కన దీన్ని పెట్టి సమానమంటే ఎలాగ?

ముప్పు మాటకొస్తే, రియాక్టర్ పక్కన నిలబడేది ఎవరు? జవాబు సెప్పేది ఆయన, పోయేది మావోడు.

గోగునార (సాలూరు)
ఇద్దరూ ఒకటి వదిలేశారు. నష్టం ఎవరి వల్ల వచ్చిందో తేల్చకుండా జీతం సంగతి తేలదు.

మన నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు జూట్ మిల్లుల లెక్కే తీసుకోండి. గోనె సంచి ఖర్చులో సగానికి పైగా ముడి నారదే. ఆహార ధాన్యాలకి నూరు శాతం, పంచదారకి 20 శాతం జూట్ సంచులే వాడాలన్నది 1987 చట్టం కింద వచ్చే ఉత్తర్వు. కొనేది ప్రధానంగా ప్రభుత్వం, ధర కట్టేది కోల్‌కతాలో జూట్ కమిషనర్. మిల్లు ఎండీ చేతిలో అమ్మకం ధర ఉండదు. 2021 సెప్టెంబర్ ఆఖరున ముడి జూట్‌కి క్వింటాలు 6,500 అని గరిష్ఠ ధర పెట్టారు. ఆ ధరకి బజార్లో సరుకు దొరకలేదు. సంచి ధర మాత్రం ఆ 6,500 లెక్కనే కట్టారు. ఎక్కువ పెట్టి కొంటే నష్టం, కొనకపోతే మిల్లు ఆగుతుంది. 2022 మేలో ఆ హద్దు తీసేశారు. ఆ ఎనిమిది నెలల నష్టానికి ఏ ఎండీ జీతం కోసినా దండగే.

కానీ అదే మిల్లులో ఎండీ చేతిలో ఉండేవీ ఉన్నాయి. పంట చేతికొచ్చే నెలల్లో నార కొని గొడౌన్‌లో పెట్టుకున్నాడా, లేక ఆర్డర్ వచ్చాక పరుగెత్తాడా? బేళ్లలో తేమ ఎంత ఉండగా తూకం ఒప్పుకున్నాడు? తేమ పట్టిన నార తూకానికి లాభంలా కనిపిస్తుంది, ఆరాక బరువు పోతుంది. స్పిన్నింగ్‌లో తెగిన దారం, మగ్గం ఆగిన గంటలు, టన్ను సరుక్కి వాడిన పని గంటలు. మన దగ్గర గోగు వేసే రైతులు తగ్గిపోయారు కాబట్టి నార దూరం నుంచి వస్తోంది, ఆ లారీ బాడుగ బేరం కూడా ఆయన పనే. నష్టంలో ఏ భాగం ధరల వల్ల, ఏ భాగం వీటి వల్ల అని విడదీయమని అడగాలి. ఆ విభజన బోర్డు ముందు ఉండే ఉంటుంది, వాటాదారుల ముందే ఉండదు.

బొబ్బిలి ఫర్నేస్ (బొబ్బిలి)
గోగునార గారి మాటకి తిరగేసిన మాట ఒకటుంది, అదెవరూ చెప్పరు.

ఫెర్రో అల్లాయ్స్‌లో సిలికో మాంగనీస్ టన్నుకి సుమారు 4,000 యూనిట్ల కరెంటు పడుతుంది. యూనిట్‌కి రూపాయి పెరిగితే టన్నుకి 4,000 రూపాయలు లేచిపోయినట్టే. అప్పుడు ఎండీ ‘కరెంటు చార్జీ నా చేతిలో లేదు’ అంటాడు, ఒప్పుకుందాం. మరి 2021లో అల్లాయ్ ధరలు ఆకాశానికి వెళ్లి లాభాలు వచ్చాయి కదా, ఆ ధర ఆయన పెంచాడా? లేదు. కమీషన్ మాత్రం లాభం మీద శాతం లెక్కన తీసుకుంటారు. గాలికొచ్చిన లాభం నాది, గాలికి పోయిన నష్టం గాలిది. అసలు తగవు ఇక్కడుంది.

లెక్క కట్టండి. మొదటి ఏడు లాభం 40 కోట్లు, 5 శాతం చొప్పున 2 కోట్లు తీసుకున్నాడు. రెండో ఏడు 12 కోట్ల నష్టం, కనీస పారితోషికం 84 లక్షలు. మొత్తం 2 కోట్ల 84 లక్షలు. రెండేళ్లకి కలిపి కంపెనీకి మిగిలింది 28 కోట్లు. దాని మీద 5 శాతం కడితే 1 కోటి 40 లక్షలు. రెండింతలకి పైనే ముట్టింది. ధర ఎక్కువ ఊగే పరిశ్రమలో ఏడాదికోసారి కమీషన్ కడితే ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. మూడేళ్ల సగటు మీద కడితే సగం గొడవ తగ్గుతుంది.

తోటపాలెం లెక్కలు
ఫర్నేస్ గారూ, చట్టంలో దానికి కొంత అడ్డు ఉంది. 198వ సెక్షన్ ప్రకారం ఈ నికర లాభం కట్టేటప్పుడు, ఇంతకుముందు తీసెయ్యని పాత నష్టాలు తీసెయ్యాలి. అంటే నష్టం తర్వాత వచ్చే లాభానికి పాత నష్టం అడ్డుపడుతుంది. మీ ఉదాహరణలో లాభం ముందు వచ్చింది, అందుకే అది తప్పించుకుంది.

అదే సెక్షన్‌లో ఇంకొక మంచి ముక్క. ఫ్యాక్టరీ స్థలం అమ్మగా వచ్చిన లాభం, వ్యాపారంలో ఒక భాగాన్నే అమ్మగా వచ్చిన లాభం, షేర్ ప్రీమియం, ఇవేవీ కమీషన్ లెక్కలోకి రావు. యంత్రం అమ్మితే, తరుగు పోగా పుస్తకాల్లో మిగిలిన విలువకీ అసలు కొన్న ధరకీ మధ్య ఉన్నంతే లెక్క. పాత మిల్లుల విలువంతా రోడ్డు పక్క స్థలంలోనే ఉంటుంది కాబట్టి ఇది మన జిల్లాల్లో పనికొస్తుంది. ‘ఇతర ఆదాయం’ ఒక్కసారిగా ఉబ్బిన ఏడు ఎండీ కమీషన్ కూడా ఉబ్బితే 198 లెక్క అడగండి. జీతాలు 197కి లోబడి ఉన్నాయా లేదా అన్నది ఆడిటర్ తన నివేదికలో రాయాలి, ఆ వాక్యం వెతకండి.

కోటబొమ్మాళి (శ్రీకాకుళం జిల్లా)
మీరందరూ జీతం అన్న గడిలోనే కొట్టుకుంటున్నారు. 197 పబ్లిక్ కంపెనీలకే. ప్రైవేట్ లిమిటెడ్‌కి ఆ హద్దులు లేవు. మన చుట్టుపక్కల చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీల్లో చాలా మటుకు ప్రైవేట్ లిమిటెడ్‌లే. అక్కడ ఎండీ నెలకి రూపాయి జీతం తీసుకుని త్యాగమూర్తి అనిపించుకోవచ్చు కూడా.

డబ్బు వేరే దారిలో పోతుంది. గొడౌన్ భార్య పేరు మీద, దానికి అద్దె. బ్రాండ్ కుటుంబ ట్రస్టుది, అమ్మకం మీద రాయల్టీ. ముడి సరుకు బావమరిది సంస్థ నుంచి, క్వింటాలుకి బజారు ధర మీద 200 ఎక్కువ. బ్యాంకుకి వ్యక్తిగత హామీ ఇచ్చినందుకు ‘గ్యారంటీ కమీషన్’. వీటిని సంబంధిత పక్షాల లావాదేవీలు అంటారు, 188వ సెక్షన్. మామూలు వ్యాపార ధరకి జరగనివి ఏఓసీ-2 అనే ఫారంలో రాయాలి. మొత్తం జాబితా ఆర్థిక నివేదికల నోట్స్‌లో ఆఖరి పేజీల్లో ఉంటుంది. ఎండీ జీతం 60 లక్షలుండి అద్దె, రాయల్టీ కలిపి 3 కోట్లుంటే మీరు తగువాడాల్సింది దేని మీద?

చూడటం కష్టమేం కాదు. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీకి 100 రూపాయలు కడితే దాఖలు చేసిన కాగితాలు కనిపిస్తాయి. ఏఓసీ-4లో ఆర్థిక నివేదికలు, ఎంజీటీ-7లో వార్షిక రిటర్న్, ఎంజీటీ-14లో తీర్మానాలు. పబ్లిక్ కంపెనీ అయితే ఎండీ నియామకం ఎంఆర్-1లో. లిస్టెడ్ అయితే ఎక్స్ఛేంజి సైట్‌లో వార్షిక నివేదిక ఊరికే వస్తుంది.

ఇంకో చిట్కా. ఈపీఎఫ్ఓ (పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో సంస్థల వెతుకులాట ఉంది. కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన, ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. గడువు మరుసటి నెల 15. పీఎఫ్ మూడు నెలలు ఆగి, అదే ఏడు డైరెక్టర్ల పారితోషికం తు.చ. తప్పకుండా పడి ఉంటే, ఏజీఎంలో అడగడానికి అంతకంటే గట్టి ప్రశ్న ఉండదు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు కట్టేది కూడా కంపెనీ సొమ్మే కదా.

గంటస్తంభం
కోటబొమ్మాళి గారి చిట్కా బంగారం. ఇంకో అనుమానం. పేపర్లో ఫలానా సీఈఓకి 71 కోట్లు అని వేస్తారు. నెల జీతమే అంతనా?

నాగావళి ఒడ్డు
కాదు. ఆ 71 కోట్లు 2021-22లో ఇన్ఫోసిస్ సీఈఓది. అందులో సుమారు 52 కోట్లు ఎప్పుడో ఇచ్చిన షేర్ యూనిట్లని ఆ ఏడు తన పేరున తీసుకున్నందుకు వచ్చిన విలువ. షేర్ ధర పెరిగిన ఏడు తీసుకుంటే అంకె ఉబ్బుతుంది. అది నష్టాల కంపెనీ కాదు గనక గొడవ లేదు, కానీ అంకె చదివే పద్ధతి అదే. జీతం, కమీషన్, షేర్ల విలువ మూడూ విడివిడిగా వార్షిక నివేదికలో ఉంటాయి.

నివేదికలో ఇంకో అంకె చూడండి. ప్రతి డైరెక్టర్ పారితోషికం ఉద్యోగుల మధ్యస్థ వేతనానికి ఎన్ని రెట్లో లిస్టెడ్ కంపెనీ రాయాలి. మామూలు ఉద్యోగులకి సగటున ఎంత శాతం పెరిగింది, పైవాళ్లకి ఎంత పెరిగింది, తేడా ఉంటే ఎందుకు, అదీ రాయాలి. ఒక్క చిక్కు. కాంట్రాక్ట్ కార్మికులు కాంట్రాక్టర్ రికార్డులో ఉంటారు కాబట్టి మధ్యస్థంలోకి రారు. సగం పని కాంట్రాక్ట్‌కి తోసేసిన కంపెనీలో ఈ రెట్లు తక్కువగా, ముద్దుగా కనిపిస్తాయి.

షేర్ల రూపంలో ఇవ్వడం మంచిదా అంటే, వెంటనే అమ్ముకోలేని షేర్లయితే మంచిదే. ప్రైవేట్ బ్యాంకులకి రిజర్వు బ్యాంకు 2019 నవంబర్‌లో పెట్టిన నిబంధనలు చూడండి. పైస్థాయి వాళ్ల మొత్తం పారితోషికంలో కనీసం సగం పనితీరుకి ముడిపడి మారేది కావాలి. ఆ మారే భాగం స్థిర జీతానికి మూడింతలు దాటకూడదు. అందులో కనీసం 60 శాతం వెంటనే ఇవ్వకుండా మూడేళ్లకి తక్కువ కాకుండా వాయిదాల్లో ఇవ్వాలి. ఈలోపు పనితీరు తేడా వస్తే మిగతా వాయిదాలు ఆపొచ్చు, ఇచ్చింది వెనక్కి అడగొచ్చు. ఫ్యాక్టరీలకి ఇలాంటి నిర్బంధం లేదు, కానీ ఏ బోర్డుకైనా దీన్ని ఎత్తి రాసుకోవడానికి అడ్డమేముంది?

మెరకముడిదాం
తక్కువ జీతం ఇస్తే కంపెనీ బతుకుతుందన్న భ్రమ కూడా వద్దు. ప్రభుత్వ రంగంలో ‘ఎ’ షెడ్యూల్ (పై హోదా) సంస్థ సీఎండీ (ఛైర్మన్, ఎండీ ఒకరే) బేసిక్ నెలకి 2 లక్షల నుంచి 3 లక్షల 70 వేల స్కేలు. విశాఖ ఉక్కు ఆ కోవలోదే. నష్టాలకి సొంత ఇనుప గనులు లేకపోవడం, అప్పుల వడ్డీ లాంటివి కారణాలు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇవ్వాల్సి వచ్చింది. ఆమదాలవలస సహకార చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, అక్కడ కోట్ల జీతాలెవరికీ లేవు.

పైడిభీమవరం షిఫ్ట్-బి
తక్కువ ఇస్తే బతుకుతాదని నానెక్కడన్నాను అన్నయ్యా? కోత ఎవరి నుంచి మొదలవ్వాలో అడుగుతున్నాను.

బొబ్బిలి ఫర్నేస్
పనితీరుకి ముడిపెట్టండి అని అందరూ అంటారు, ఎలా ముడిపెడితే ఎలా చెడుతుందో చెప్పరు. మూడు చూపిస్తాను.

వడ్డీ, పన్ను, తరుగుదలకి ముందు లాభం మీద బోనస్ పెడితే మరమ్మతులు వాయిదా వేస్తారు. ఫర్నేస్ లైనింగ్ (వేడిని ఆపే లోపలి పొర) మార్చాల్సిన ఏడు మార్చరు. ఆ ఏటి లాభం బాగుంటుంది. తర్వాతి ఏడు కరిగిన లోహం షెల్ (బయటి గోడ) తోసుకుని బయటికొస్తే నెలల తరబడి షట్‌డౌన్, అప్పటికి బోనస్ జేబులో ఉంటుంది. పైగా వడ్డీ లెక్కలోకే రాదు కాబట్టి అప్పు తెచ్చి విస్తరిస్తారు.

అమ్మకం టర్నోవర్ మీద పెడితే మార్చి 31న లారీలు గేటు దాటతాయి, ఏప్రిల్‌లో సగం తిరిగొస్తాయి. పట్టుకోవాలంటే ఏప్రిల్, మే క్రెడిట్ నోట్లు, అమ్మకానికీ వసూలుకీ మధ్య రోజులు చూడాలి. అమ్మకం పది శాతం పెరిగి, రావాల్సిన బాకీలు యాభై శాతం పెరిగాయంటే సరుకు అమ్మలేదు, జరిపారు.

టన్నుకి కరెంటు యూనిట్ల మీద పెడితే ఇదీ ఆడించొచ్చు. సులువుగా కరిగే ఖనిజం, తక్కువ గ్రేడ్ సరుకు చేసి యూనిట్లు తగ్గించినట్టు చూపిస్తారు. అందుకని యూనిట్లతో పాటు ఖనిజంలోని మాంగనీస్‌లో ఎంత శాతం లోహంలోకి వచ్చింది (దీన్నే రికవరీ అంటారు), ఎంత స్లాగ్‌లో (చిట్టెంలో) పోయింది కూడా కలిపి చూడాలి. ఒక్క కొలత ఎప్పుడూ పెట్టకూడదు, ఒకదాన్ని ఒకటి పట్టిచ్చే రెండు పెట్టాలి.

నన్నడిగితే గంటస్తంభం గారి 1 కోటి 60 లక్షల్లో 84 స్థిరంగా ఉంచి, మిగతా 76ని నాలుగు పాళ్లు చెయ్యాలి. పన్నెండు నెలలూ పీఎఫ్, జీతాలు గడువులో పడితే 19 లక్షలు. బ్యాంకు వాయిదాలు ఒక్కటీ తప్పకపోతే 19. యూనిట్లు, రికవరీ రెండిట్లోనూ పెట్టుకున్న లక్ష్యం అందుకుంటే 19. ప్రాణనష్టం లేకుండా, మరమ్మతుల పట్టిక ప్రకారం నడిస్తే ఆఖరి 19. ప్రతి పాలులో సగం రెండేళ్లు ఆగాక ఇవ్వాలి. బజారు ధర ఏమైనా గానీ, ఈ నాలుగూ మనిషి చేతిలో ఉన్నవే.

గోగునార
వాయిదాలు తప్పకపోవడం పూర్తిగా ఆయన చేతిలో ఉండదండీ. సంచుల బిల్లు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే ఏం చేస్తాడు? మిగతా మూడూ ఒప్పుకుంటాను.

తోటపాలెం లెక్కలు
వెనక్కి తీసుకోవడం గురించి నాలుగు మాటలు. హద్దు మించి, కావాల్సిన అనుమతి లేకుండా తీసుకున్న సొమ్ము రెండేళ్లలోపు తిరిగి కట్టాలి, అప్పటిదాకా అది కంపెనీ సొమ్ముగానే అతని దగ్గర ఉన్నట్టు. ఆ బాకీ వదిలెయ్యాలన్నా ప్రత్యేక తీర్మానం కావాలి. ‘ఎక్కువ చెల్లించిన పారితోషికం మాఫీ’ అన్న అంశం నోటీసు అడుగున ఒక్కోసారి కనిపించేది ఇందుకే, దాన్ని వదలకండి. మోసం వల్లో నిబంధనలు పాటించకపోవడం వల్లో లెక్కలు తిరగరాయాల్సి వస్తే 199వ సెక్షన్ కింద అదనంగా పోయింది రాబట్టాలి. 2019 జనవరిలో ఐసీఐసీఐ బ్యాంకు బోర్డు తన మాజీ ఎండీ విషయంలో 2009 ఏప్రిల్ నుంచి ఇచ్చిన బోనస్‌లు వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. దాని మీద కోర్టులకి వెళ్లారు. ఇచ్చేముందు ఆపడం తేలిక, ఇచ్చాక పట్టడం కోర్టు పని.

పరిస్థితి చెయ్యి దాటి దివాలా లిక్విడేషన్‌కి వెళ్తే వరస ఇది: ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల 24 నెలల బకాయి, తాకట్టు బ్యాంకులు సమానంగా, ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల బకాయి. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు ఆ ఆస్తిలో కలవవు. కార్మికులు బకాయి కాగితాలు భద్రంగా పెట్టుకోవాలి, క్లెయిమ్ వేసేది వాటితోనే.

పైడిభీమవరం షిఫ్ట్-బి
కాంట్రాక్ట్ మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు?

తోటపాలెం లెక్కలు
వేతన చీటీ కాంట్రాక్టర్ ఇవ్వాలి. అతను జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాలి. చీటీ లేకపోతే పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్, గేటు పాస్. మూడూ ఫోటో తీసి ఉంచుకోమనండి.

గంటస్తంభం
నేను అడగబోయేవి రాసుకున్నాను: 1) బ్యాంకు ముందస్తు అనుమతి తేదీ. 2) ఎఫెక్టివ్ క్యాపిటల్ లెక్క, అందులో దీర్ఘకాలపు అప్పు ఎంత. 3) నష్టంలో ధరల వల్ల ఎంత, నడపడం వల్ల ఎంత. 4) పీఎఫ్ ఆలస్యమైన నెలలు. 5) పెంపు దేనికి ముడిపెట్టారు. ఇంకేమైనా ఉందా?

నాగావళి ఒడ్డు
ఒకటి కలపండి. లాభం చాలని కంపెనీ పెట్టే నోటీసు వివరణలో, నష్టానికి కారణాలు, తీసుకుంటున్న చర్యలు, లాభంలో ఎంత పెరుగుదల రావచ్చో కొలవగలిగే అంకెల్లో రాయాలని 5వ షెడ్యూల్ చెప్తోంది. ఈ ఆమోదం మూడేళ్లకి మించి చెల్లదు కాబట్టి పాత నోటీసు ఎక్స్ఛేంజి సైట్‌లో ఉండే ఉంటుంది. అప్పుడు రాసిన అంకె పక్కన ఇప్పుడు వచ్చిన అంకె పెట్టి అడగండి. చాలా కంపెనీలు అక్కడ అంకె వెయ్యకుండా ‘పరిస్థితి మెరుగుపడగలదని ఆశిస్తున్నాం’ అని రాసి దాటేస్తాయి. అలా రాసినా అదే అడగండి.

ఆన్‌లైన్ ఏజీఎం అయితే మాట్లాడటానికి ముందే మెయిల్‌లో పేరు ఇవ్వాలి, గడువు నోటీసులో ఉంటుంది. కటాఫ్ తేదీ నాటికి షేరు మీ పేరున ఉంటేనే ఓటు. ఈ-ఓటింగ్ సమావేశానికి ముందు రోజు సాయంత్రం 5కి మూసేస్తారు. 4:50కి ఓటీపీ కోసం ఎదురుచూడొద్దు.

గంటస్తంభం
కటాఫ్ వచ్చే బుధవారం. షేర్లు ఉన్నాయి, ఓటు వేస్తాను. బ్యాంకు అనుమతి తేదీ గురించి ఈ రాత్రే మెయిల్ పెడతాను.